పరలోక ప్రార్థన: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు దగ్గర ఒక చిన్న సంఘానికి కాపరిని. ఆదివారం ఆరాధన చివర్లో, యేసు నేర్పిన 'పరలోకమందున్న మా తండ్రీ' అనే పరలోక ప్రార్థన మొదలవగానే వెనక వరుసల్లో చెప్పుల వెతుకులాట మొదలవుతుంది. అర నిమిషంలో ముగించేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను.

అపోహ: కంఠతా వచ్చిన ప్రార్థనకు బలం ఉండదు.

వాస్తవం: మత్తయి సువార్త 6వ అధ్యాయంలో వ్యర్థమైన మాటలు వద్దన్న వెంటనే యేసు ఈ ప్రార్థన నేర్పాడు. సొంత మాటలతో చేసే ప్రార్థనలో ఒకే వాక్యాన్ని పదిసార్లు తిప్పేవాళ్లం మనమే. మైకు చేతికొస్తే నాదీ అదే పద్ధతి.

అపోహ: ఇది మా ఇంటి క్షేమం కోసం చేసుకునేది.

వాస్తవం: మామూలుగా మన నోట 'మా వాళ్లు' అంటే ఎదుటివాడు అందులో లేడని అర్థం. ఈ ప్రార్థనలో ఎదురుగా ఉన్నది దేవుడు. పక్కన మోకరించినవాడు 'మా తండ్రీ'లోని 'మా'లోనే ఉన్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చారు. ఆ తొలి రోజుల్లో మాదిగలను సంఘంలో చేర్చుకోవద్దని పై కులాల వాళ్లు పట్టుబట్టారు. ఆయన చేర్చుకున్నారు, పై కులాల వాళ్లు దూరమయ్యారు. ఇన్నేళ్లయినా పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మన 'మా' మళ్లీ చిన్నదైపోతుంది.

ప్రార్థనలో 'మా అనుదినాహారము' అని అడిగే మాటా అంతే. 1876-78 ధాత కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చారు. కూటి కోసం చేరారనే మాట రాకుండా అప్పుడు బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అన్నం వెనక పలుగూ పారా ఉన్నాయి.

అపోహ: 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము' అనే వాక్యంలో 'ఋణములు' అంటే పాపాలే, డబ్బు సంగతి కాదు.

వాస్తవం: పాపాలే, కానీ మాట అప్పుదే. లూకా సువార్తలో ఉన్న ఇదే ప్రార్థనలో మన వైపు 'పాపములు' అని ఉన్నా, ఎదుటివాడి వైపు మాత్రం మనకు బాకీ ఉన్నవాడనే ఉంది. పొగాకు వేలం అయిపోయిన రోజుల్లో ఒక రైతు నన్ను అడిగాడు: "అయ్యగారూ, నాకియ్యాల్సినోళ్లని కూడా వదిలెయ్యాలా?" నేను చటుక్కున జవాబు చెప్పలేకపోయాను. పూర్తిగా చితికిపోయినవాడి మీద వడ్డీ లెక్క మోపుతూ ఈ వాక్యం చెప్పడం మాత్రం కష్టమన్నాను. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

అపోహ: క్షమించడమంటే కొట్టే మొగుడి దగ్గరికి తిరిగి వెళ్లడం.

వాస్తవం: ఇదే వాక్యం చూపించి ఒకమ్మాయిని నేనే తిరిగి పంపాను. మళ్లీ దెబ్బలు తినే వచ్చింది. ఆ ప్రార్థనలోనే 'దుష్టునినుండి మమ్మును తప్పించుము' అని ఉంది. నేను అంతవరకూ చదవలేదన్నమాట. ఇప్పుడైతే ముందు ఆమెకు తల దాచుకునే చోటు చూస్తాం, అవసరమైతే పోలీసు స్టేషన్‌కు తోడు వెళ్తాం. క్షమించడం ఎప్పుడో ఆమె ఇష్టం.

ఇక చివరి 'రాజ్యము, బలము, మహిమ' మాటలు పాత వ్రాతప్రతుల్లో లేవు. అయినా చెప్పుకోవచ్చు, గొడవేమీ లేదు.

ఇప్పుడు మా సంఘంలో 'మేము క్షమించియున్న ప్రకారము' దగ్గర కాసేపు ఆగుతున్నాం. కొందరు అక్కడితో నోరు మూసుకుంటారు. మిగతాది వచ్చే వారం చెబుతామంటారు. సరేనంటాను.