రైలు దిగి లాంచీ ఎక్కుదామనుకునేవాళ్లకు: అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో టూర్లు నడిపే పని నాది. నాగార్జునసాగర్ నిండిందని టీవీలో చూపించారంటే చాలు, ఆ సాయంత్రం నుంచే ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లలో ఎక్కువమంది వేసుకునే లెక్క ఒకటే: పొద్దున సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ, సాయంత్రం రైలు, తెల్లారేసరికి ఇల్లు. వచ్చిన ప్రతి పార్టీకీ నేను చెప్పేదీ ఒకటే. లాంచీకీ రైలుకీ మధ్య ఒక రాత్రి ఖాళీగా పెట్టుకోండి. హోటల్ ఖర్చు దండగని కొందరు మొహం మాడుస్తారు, కానీ ఇందులో నేను బేరమాడను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

అపోహ: "అన్నా, శ్రీశైలం కాడ లాంచీ దిగంగనే రైలెక్కి వచ్చేస్తం."

శ్రీశైలంలో రైల్వే స్టేషనే లేదు. దగ్గర్లో ఉన్నదంటే మార్కాపురం రోడ్, అదీ ఘాట్ దిగి దోర్నాల మీదుగా ఎనభై కిలోమీటర్ల పైమాటే. అక్కడ రైలెక్కినా నల్లగొండ రావాలంటే చాలావరకు గుంటూరు చుట్టూ తిరిగి రావాల్సిందే. దానికంటే బస్సు నయం. మన్ననూరు, డిండి, దేవరకొండ మీదుగా నల్లగొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరొచ్చు.

అయితే ఆ దారి అమ్రాబాద్ పులుల అడవిలోంచి పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అటవీశాఖ చెక్‌పోస్టుల దగ్గర గేటు వేసేస్తారు. సాగర్ నుంచి శ్రీశైలం నీళ్ల మీద సుమారు 110 కిలోమీటర్లు, ఆరేడు గంటల ప్రయాణం. లాంచీ దించేది డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర. గుడి అక్కడ ఉండదు, ఘాట్ రోడ్డు మీద ఇంకా పైకి పోవాలి. దర్శనం క్యూలో నిలబడి, ప్రసాదం తీసుకుని, తిని, గేటు వేసేలోపు అడవి దాటాలంటే అది యాత్రలా ఉండదు, పరుగు పందెంలా ఉంటుంది. ఆ రాత్రి శ్రీశైలంలోనే పడుకోండి.

అపోహ: లాంచీలన్నీ ఒకటే.

గందరగోళం అంతా ఇక్కడే. సాగర్ నుంచి లింగాలగట్టు పోయే పొడవాటి ట్రిప్పు ఒకటి. సాగర్ నుంచి నాగార్జునకొండ మ్యూజియానికి పోయి వచ్చే చిన్న ట్రిప్పు ఇంకొకటి. అది ఆంధ్రా వైపు విజయపురి సౌత్ రేవు నుంచి బయల్దేరుతుంది, మ్యూజియానికి శుక్రవారం సెలవు. మూడోది నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి శ్రీశైలం పోయేది. ఇది సాగర్ నీళ్లలో తిరగదు, శ్రీశైలం రిజర్వాయర్‌లోనే, అంటే డ్యామ్‌కు పైన తిరుగుతుంది. సాగర్‌లో నీళ్లున్నాయని సోమశిలకు, సోమశిల బాగుందని సాగర్‌కు టికెట్లు అడిగేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885. రెండూ వేర్వేరు చెరువులు అనుకోండి. ఒకటి నిండినప్పుడు రెండోది నిండాలని రూలేమీ లేదు.

అపోహ: గేట్లు ఎత్తినప్పుడే లాంచీ ఎక్కాలి, రెండూ ఒకేసారి చూడొచ్చు.

శ్రీశైలం గేట్లు ఎత్తితే ఆ నీళ్లు వచ్చి పడేది లింగాలగట్టు ముందే. అంత ప్రవాహానికి ఎదురుగా లాంచీ నడపరు, ఆపేస్తారు. గేట్లు చూడాలంటే రోడ్డు మీద పోయి చూసి రండి. లాంచీ కోసమైతే గేట్లు దించాక, నీటిమట్టం ఇంకా పైనే ఉన్న రోజుల్లో రావాలి. మామూలుగా దసరా, దీపావళి దాటాక ఆ అదను వస్తుంది. వర్షాన్నిబట్టి అదీ మారుతుంది.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో పోదామని మార్చిలో అడ్వాన్స్ ఇస్తామనేవాళ్లూ ఉన్నారు. అప్పటికి సాగునీళ్లకూ తాగునీళ్లకూ వాడేసి మట్టం దిగిపోయి ఉంటుంది. సోమశిల వైపు దీనికి ఒక మంచి గుర్తుంది. నది అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లలోనే మునిగి ఉంటుంది. గుడి బయటపడిందని పేపర్లో ఫొటో పడిందంటే రిజర్వాయర్ బాగా దిగిపోయినట్టే. ఆ తర్వాత టూరిజం ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోకుండా అటు బయల్దేరొద్దు.

అపోహ: "లాంచీ లేటయితే రైలు డబ్బులు వెనక్కి వస్తాయి కదా?"

రావు. రైలు రద్దయితే పూర్తి డబ్బులు వస్తాయి. మీరు ఎక్కాల్సిన స్టేషన్‌కు రైలు మూడు గంటలకు మించి లేటయి మీరు ఎక్కకపోతే, రైలు బయల్దేరేలోపు టీడీఆర్ (డబ్బులు వెనక్కి ఇమ్మని రైల్వేకు పెట్టే దరఖాస్తు) పెడితే వస్తాయి. రెండు రైలు టికెట్ల పీఎన్ఆర్‌లు కలిపి ఉంటే, మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పినప్పుడు కూడా ఒక దారి ఉంది. లాంచీకి పీఎన్ఆర్ లేదు, రైల్వేకూ నదికీ సంబంధం లేదు. మీ రైలు లేటయిందని లాంచీ కూడా ఆగదు.

ఇంకో సంగతి. నల్లమల కొండల మధ్యకు పోయాక ఫోన్ సిగ్నల్ పోతుంది. రెండు వైపులా అడవి దగ్గరకొస్తుంది, అక్కడక్కడా పుట్టి వేసుకుని వల తీసే మనుషులు తప్ప ఎవరూ కనపడరు. అందరూ పైకెక్కి ఫొటోలు తీసుకుంటుంటే, సాయంత్రం రైలు పెట్టుకున్న మనిషి మాత్రం ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. ఆ టెన్షన్‌కు టికెట్ కొనుక్కోవడం ఎందుకు?

అపోహ: అయితే మనకు రైలు, నది రెండూ కలిసే టూరే లేదు.

ఉంది, కాకపోతే కొంచెం దూరం పోవాలి. నల్లగొండ, మిర్యాలగూడల్లో ఆగే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా రాజమండ్రి. ఆ రాత్రి అక్కడుండి మర్నాడు గోదావరిలో బోటు మీద పాపికొండలు. భద్రాచలం వైపు నుంచి పోదామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, అక్కణ్నుంచి భద్రాచలం ఇంకో నలభై కిలోమీటర్లు. గోదావరి వరద మీద ఉంటే ఎటు వైపు నుంచైనా బోట్లు ఉండవు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటు వరద గోదావరిలోనే బయల్దేరింది. ఈత వచ్చు, లైఫ్ జాకెట్ ఉక్కపోస్తోంది అని విప్పి పక్కన పెట్టేవాళ్లతో నేను వాదించను, నా పార్టీలో అయితే బోటు ఎక్కించను.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం శబరి ఎక్స్‌ప్రెస్. మన నల్లగొండలో ఎక్కితే రైలు మారకుండా మర్నాడు కేరళలోని కొట్టాయంలో దిగుతాం. అందరూ అక్కడి హౌస్‌బోటు (గదులుండే పడవ) రాత్రంతా నడుస్తుందనుకుంటారు. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒడ్డుకు కట్టేస్తారు, ఎందుకంటే ఆ తర్వాత జాలర్లు వలలు వేసుకోవాలి. ఎక్కించుకునేది కూడా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో. కాబట్టి రైలు దిగిన రోజుకే హౌస్‌బోటు బుక్ చేస్తే కట్టిన డబ్బులో సగం రేవులోనే పోతుంది. ఆ రాత్రి కొట్టాయంలో ఉండి, పొద్దున ప్రభుత్వ పడవలో అలప్పుళ పోండి. రెండున్నర గంటలు, టికెట్ బస్సు చార్జీ అంత. నన్నడిగితే ఈ పడవ ఎక్కాక చాలామందికి హౌస్‌బోటు అక్కర్లేదనే అనిపిస్తుంది.

క్రూయిజ్ అంటే లక్షలు అనే మాట 2023 జనవరిలో వారణాసి నుంచి డిబ్రూగఢ్‌కు గంగా విలాస్ అనే క్రూయిజ్ నౌక బయల్దేరినప్పటి నుంచి బాగా వినపడుతోంది. అది 51 రోజుల ప్రయాణం, 36 మందికే చోటు. మన లాంచీకి దానితో పోలికే లేదు, కుర్చీలో కూర్చుని పోవడమే.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, లాంచీ తేదీ అంత ముందు ఎవరూ ఖాయం చేయరు. అందుకని ముందు రైలు తీసుకోండి, తిరుగు టికెట్ లాంచీ రోజుకు కాకుండా ఆ మర్నాటికి తీసుకోండి. లాంచీ డబ్బులు మాత్రం ఆ వారం నీటిమట్టం కనుక్కున్నాకే కట్టండి.