బైక్ రేసింగ్: బీచ్ రోడ్డు కబుర్లు, ట్రాక్ మీద నిజాలు

వైజాగ్‌లో బైక్ రేసింగ్ గురించి మాట్లాడేవాళ్లకు లోటు లేదు. ట్రాక్ చూసినవాళ్లే తక్కువ. ఊళ్లో సర్క్యూట్ లేదు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి వెళ్లాలన్నా దాదాపు 800 కిలోమీటర్లు. అందుకే మన కుర్రాళ్లకు రేసింగ్ అంటే రీల్స్‌లో చూసింది, భీమిలి రోడ్డులో విన్నది. నేను చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌ల మీద కొన్నేళ్లు రేసులు నడిపి, తర్వాత ఒక చిన్న ప్రైవేటు టీమ్ బాధ్యత తీసుకున్నాను. గాజువాకలో మా షెడ్డుకి కుర్రాళ్లు వస్తుంటారు, వాళ్ల వెనకే నాన్నలూ వస్తుంటారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. వాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: బీచ్ రోడ్డులో అందరినీ దాటేవాడు ట్రాక్‌లోనూ దాటేస్తాడు

తిన్నగా ఉన్న రోడ్డు మీద స్పీడు బండి ఇంజినుది. దానికి తోడు కాస్త మొండితనం ఉంటే చాలు. ట్రాక్ మీద లెక్క వేరు. చెన్నై సర్క్యూట్ ఒక ల్యాప్ సుమారు 3.7 కిలోమీటర్లు, అందులో పన్నెండు మలుపులు. ప్రతి ల్యాప్‌లో అదే చోట బ్రేకు పట్టాలి, అదే చోట బండి వంచాలి, అదే చోట రేజ్ ఇవ్వాలి. రోడ్డు హీరోలు మొదటిసారి వచ్చినప్పుడు ఒక మలుపు అద్భుతంగా తిప్పుతారు. తర్వాతి ల్యాప్‌లో అదే మలుపులో బయటికి, మట్టిలోకి పోతారు. ముందు ల్యాప్‌లో ఏం చేశావురా అంటే చెప్పలేరు. ఇలాంటివాళ్ల ల్యాప్ టైమ్‌లు చూస్తే ఒకటి బాగుంటుంది, రెండోది మూడు సెకన్లు ఎక్కువ, మూడోది ఇంకో రకం. మంచి రైడర్ కాగితంలో వరసగా అన్నీ సెకనులో కొన్ని పదో వంతుల తేడాలోనే ఉంటాయి. నేను చూసేది అదే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. రోడ్డు మీద పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కేసు ఉన్న కుర్రాణ్ని నేను టీమ్‌లోకి తీసుకోను. వాడి మీద కోపంతో కాదు, స్పాన్సర్ దగ్గర నేను సమాధానం చెప్పుకోలేను.

అపోహ: ముందు పెద్ద బైక్ కొనాలి

కిస్తీలు కట్టి 600 సీసీ కొనేసి, ఆ తర్వాత రేసింగ్ నేర్పమని వచ్చినవాళ్లు ఉన్నారు. మన జాతీయ ఛాంపియన్‌షిప్‌లో పోటీ బిగుతుగా ఉండే క్లాసుల్లో 165 సీసీ ప్రో స్టాక్ (షోరూం బండినే కొద్ది మార్పులతో నడిపే క్లాసు) ఒకటి. చిన్న బండి తప్పును దాచదు. పెద్ద బండి మీద మలుపులో పోగొట్టుకున్న స్పీడును స్ట్రెయిట్‌లో ఇంజిను తిరిగి తెచ్చిస్తుంది. 165 మీద మలుపులోంచి కాస్త నెమ్మదిగా బయటపడ్డావా, ఆ స్ట్రెయిట్ చివరిదాకా దాని అప్పు తీర్చుకుంటూనే ఉంటావు. ముందున్న బండి గాలిని కోసుకుపోతుంటే దాని వెనక దూరి వెళ్లడం కూడా చిన్న బండ్ల మీదే వంటబడుతుంది. చివరి మలుపులో ముందుండడం ఒక్కోసారి నష్టమని వీటి మీదే తెలుస్తుంది. ఇటలీ, స్పెయిన్ పిల్లలు మోకాలెత్తు బండ్ల మీద మొదలుపెడతారు. పెద్ద బైక్ డబ్బుతో ట్రైనింగ్, లెదర్ సూట్, మంచి హెల్మెట్, టైర్లు అన్నీ వస్తాయి, ఇంకా మిగులుతుంది కూడా.

అపోహ: బండి మీద కూర్చోవడానికి ఫిట్‌నెస్ ఎందుకు?

2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ (ప్రపంచ బైక్ రేసింగ్‌లో అన్నిటికన్నా పై క్లాసు) జరిగినప్పుడు వేడి తట్టుకోలేక రేసులో ల్యాప్‌లు తగ్గించారు. రెండో స్థానంలో వచ్చిన జార్జ్ మార్టిన్ ఒంట్లో నీరు తగ్గిపోయి రేసు అవ్వగానే కూలబడ్డాడు. ప్రపంచంలోకెల్లా గట్టి శరీరాలున్న రైడర్ల సంగతే ఇది. బ్రేకు పట్టిన ప్రతిసారీ ఒంటి బరువంతా చేతుల మీదకి వస్తుంది. మోచేతి కింద కండరం బిగుసుకుపోతే వేళ్లు లివర్‌ని నొక్కుతున్నాయో లేదో కూడా తెలియదు. మన ఉక్కపోతలో పెరగడం ఈ ఒక్క విషయంలో లాభమేనని నా అభిప్రాయం.

అపోహ: ఒకసారి గట్టిగా పడితే కెరీర్ అయిపోయినట్టే

పడని రేసర్ లేడు. ముందు చక్రం జారి బండి పక్కకి పడితే చాలాసార్లు జారుకుంటూ పోయి లేచి నిలబడతాం. వెనక చక్రం జారి మళ్లీ ఒక్కసారిగా పట్టు దొరికితే బండి మనిషిని గాల్లోకి విసిరేస్తుంది. భయపడాల్సింది దానికి. మోటోజీపీలో 2018 నుంచి సూట్‌లో ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ప్రమాదం లేదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

అయితే మన దగ్గర నేను చూసినంతలో కెరీర్లు ఎక్కువగా ఆగిపోయింది డబ్బు దగ్గర. ఎంట్రీ ఫీజు, టైర్లు, వ్యాన్ ఖర్చు, పడినప్పుడు విరిగిన ఫెయిరింగ్ (బండి పై తొడుగు), వంగిన హ్యాండిల్, వీటన్నిటి పైన ఇంట్లో ‘ఇంకెన్నాళ్లు?’ అనే ప్రశ్న. అందరూ ఒకే కంపెనీ బండి నడిపే వన్ మేక్ సిరీస్‌లలో సెలెక్షన్ గెలిచిన కుర్రాడికి బండి బాధ తప్పుతుంది. ప్రైవేటు టీమ్‌లో అన్నీ మన నెత్తి మీదే.

అపోహ: మంచి మెకానిక్ దొరికితే బండి దానంతటదే తిరుగుతుంది

ఇది అందరూ నమ్మేదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ప్రాక్టీసు నుంచి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు చూసుకునే చోటికి) వచ్చి హెల్మెట్ తీస్తూ “ఏటన్నా, బండి తిరగట్లేదు” అంటాడు కుర్రాడు. కేజీహెచ్ ఓపీలో ‘ఒంట్లో బాలేదు’ అని చెప్పి ఊరుకుంటే డాక్టరు ఏ మందు రాస్తారు?

“ఏ మలుపులోరా?”

“అన్నిట్లోనూ అన్నా.”

అన్నిట్లోనూ అవదు. బ్రేకు పట్టుకుని లోపలికి వెళ్తున్నప్పుడు తిరగట్లేదా? బ్రేకు వదిలేశాకా? రేజ్ ఇస్తూ బయటికి వస్తున్నప్పుడా? మూడింటికీ మందు వేరు. బ్రేకు మీద ముందు ఫోర్క్ మరీ కిందకి దిగిపోతుంటే ఒక పని చేస్తాం. రేజ్ ఇస్తుంటే బండి వెనక కూర్చుండిపోయి, ముందు చక్రం తేలికై బయటికి జారుతుంటే ఇంకో పని. రెండింటిలో ఏదో తెలియకుండా స్పానర్ పట్టుకుంటే, ఉన్న జబ్బు పోగా లేనిది వస్తుంది. అందుకే మా షెడ్డులో ఒక నియమం: ఒకసారికి ఒక్క మార్పే. టైర్ గాలి మార్చిన సెషన్‌లో సస్పెన్షన్ జోలికి పోం. బండి పిట్‌లోకి రాగానే, టైరు వేడిగా ఉండగానే గాలి కొలిచి పుస్తకంలో రాస్తాం. చల్లారాక కొలిచిన అంకె ఎందుకూ పనికిరాదు.

పైగా స్టాక్ క్లాసుల్లో నిబంధనలే చాలా మార్పుల్ని ఒప్పుకోవు. రేసు అయ్యాక ముందొచ్చిన బండ్లను విప్పి చూస్తారు. ‘ఇంజిన్‌లో ఏదో చేయించాడట’ అనే గుసగుసలు అందుకే నాకు నవ్వు తెప్పిస్తాయి. తేడా చాలావరకు రైడర్ నోటి నుంచి వస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎలా జారిందో చెప్పగలిగిన రైడర్‌కి సగటు బండి కూడా రెండో రోజుకి దారికొస్తుంది.

అపోహ: రేసు బాగా నడిపినవాడే మంచి మేనేజర్ అవుతాడు

పేర్లు చూస్తే నిజమేననిపిస్తుంది. ఫౌస్టో గ్రెసిని 125 సీసీలో 1985, 1987 ప్రపంచ ఛాంపియన్. 1997లో సొంత టీమ్ పెట్టాడు. స్పెయిన్‌కి చెందిన ‘అస్పార్’ హోర్హే మార్టినెస్ నాలుగుసార్లు ఛాంపియన్: మూడు టైటిళ్లు 80 సీసీలో, ఒకటి 125లో. మన మహీంద్రా బండి మోటో3లో (చిన్న ఇంజిన్ల ప్రపంచ క్లాసులో) తొలిసారి గెలిచింది 2016లో అసెన్‌లో, ఆయన టీమ్ నుంచే. నడిపినవాడు ఫ్రాంచెస్కో బగ్నాయా. బుద్ధ్‌లో 2023 రేసు గెలిచిన మార్కో బెజ్జెక్కి అప్పట్లో మాజీ ప్రపంచ ఛాంపియన్ వాలెంటినో రోసీ టీమ్ రైడర్.

కొంచెం లోపలికి వెళ్లి చూడండి. రోసీ టీమ్ రోజువారీ పని చూసింది పాబ్లో నియేటో. ఆయన కూడా మాజీ 125 రేసరే, టైటిల్ మాత్రం లేదు. లూచియో చెక్కినెల్లోకీ ప్రపంచ టైటిల్ లేదు. 1996లో టీమ్ పెట్టి, 2003 దాకా తనే రైడర్‌గా కూడా నడిపాడు. కేసీ స్టోనర్ 2006లో మోటోజీపీలోకి వచ్చింది ఆయన టీమ్ నుంచే. అల్బెర్తో పుయిగ్ అప్పటి పై క్లాసు 500 సీసీలో గెలిచింది ఒకే ఒక్క గ్రాండ్ ప్రీ, 1995లో స్పెయిన్‌లో. అదే ఏడాది లే మాన్స్‌లో కాలు నుజ్జయింది. తర్వాత కుర్రాళ్లకు నేర్పించే పనిలో దిగి, డాని పెడ్రోసా లాంటివాళ్లను తయారుచేసి, 2018లో హోండా మోటోజీపీ టీమ్ మేనేజర్ అయ్యాడు.

ఇక అసలు రేసర్లే కానివాళ్లు. సుజుకీలో జోన్ మిర్ 2020 టైటిల్ గెలిచినప్పుడు టీమ్ నడిపిన దవిదే బ్రివియో రేసర్ కాదు. గ్రెసిని 2021 ఫిబ్రవరిలో కోవిడ్‌తో చనిపోయాక ఆయన భార్య నాదియా పదోవాని టీమ్ పగ్గాలు పట్టుకుంది. 2022 సీజన్ మొదటి రేసు, ఖతార్‌లో, ఆ టీమ్ రైడర్ ఎనెయా బస్తియానినిదే. గొప్ప టాలెంట్ ఉన్న రైడర్‌తో నాకు కనిపించిన ఇబ్బంది ఒకటుంది. తను ఎలా చేస్తున్నాడో తనకే తెలియదు. ‘అలా తిప్పేయడమే’ అంటాడు. పదో స్థానం నుంచి ఆరో స్థానానికి కిందామీదా పడి వచ్చినవాడికి ప్రతి మెట్టూ గుర్తుంటుంది. మేనేజర్‌గా నేను వాడి మీదే పందెం కాస్తాను.

వేన్ రెయినీ గురించి చెప్పకుండా ఈ మాట ముగించలేను. 1990, 91, 92ల్లో వరసగా 500 సీసీ ఛాంపియన్. 1993 సెప్టెంబరులో మిసానోలో పడి ఛాతీ కింద కదలిక పోయింది. మరుసటి ఏడాదే చక్రాల కుర్చీలో తిరిగి వచ్చి యమహా టీమ్ నడిపాడు.

అపోహ: మేనేజర్ అంటే స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడడమే

స్టాప్‌వాచ్ పని బండికి బిగించే ట్రాన్స్‌పాండర్ చేసేస్తుంది. నా పనిలో ఎక్కువ భాగం కాగితాలు: ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసింగ్‌ని నడిపే సంస్థ) లైసెన్సులు, మెడికల్ సర్టిఫికెట్లు, ఎంట్రీ గడువులు, స్క్రూటినీకి (రేసు ముందు బండి తనిఖీకి) బండిని సిద్ధం చేయించడం. మిగిలింది మనుషులు. ఒక షెడ్డులో ఇద్దరు రైడర్లుంటే ఒకరికొకరు మొదటి ప్రత్యర్థులు, ఇద్దరి బండీ ఒకే రకం కాబట్టి సాకు ఉండదు. 2008లో యమహా గరాజ్‌లో ఆ టీమ్ రైడర్లు రోసీకీ లోరెంజోకీ మధ్య గోడ కట్టారు. కారణం ఇద్దరి టైర్లు వేరే కంపెనీలవి కావడం. తర్వాత టైర్లు ఒకటైనా గోడ అలాగే ఉంది! మా వ్యాన్‌లో గోడ కట్టే వీలు లేదు, ఎన్‌హెచ్ 16 మీద చెన్నైదాకా ఇద్దరినీ చెరో కిటికీ పక్కన కూర్చోబెడతాను.

అన్నిటికన్నా కష్టమైనది వద్దని చెప్పడం. తలకు దెబ్బ తగిలిన కుర్రాడు “బానే ఉన్నానన్నా” అంటాడు. వాళ్ల నాన్న పక్కకి పిలిచి “సార్, ఇంత ఖర్చు పెట్టి వచ్చాం, ఒక్క రేసు నడపనివ్వండి” అంటారు. డాక్టరు సరే అనేదాకా బండి తాళం నా జేబులోనే ఉంటుంది.

స్పాన్సర్ల సంగతికొస్తే, మన ఊళ్లో మొదటి ప్రశ్న ‘పేపర్లో ఫోటో పడుతుందా?’ అనే. ఒక స్పాన్సర్ సీజన్ మధ్యలో ఫోన్ ఎత్తడం మానేశారు. అప్పటినుంచి సగం డబ్బు ముందే చేతిలో పడితేనే ఫెయిరింగ్ మీద స్టిక్కర్ అతికిస్తున్నాం.

అపోహ: అమ్మాయిలకు ఇది పడదు

జాతీయ ఛాంపియన్‌షిప్‌లో అమ్మాయిలకు ప్రత్యేక క్లాసు ఉంది. బెంగళూరు రైడర్ ఐశ్వర్య పిస్సే 2019లో ఎఫ్ఐఎం (అంతర్జాతీయ బైక్ రేసింగ్ సంఘం) బహాస్ వరల్డ్ కప్‌లో, అంటే రోడ్డు లేని నేల మీద ర్యాలీల్లో, మహిళల టైటిల్ గెలిచింది. స్పెయిన్‌కి చెందిన అనా కరాస్కో 2018లో సూపర్‌స్పోర్ట్ 300 ప్రపంచ టైటిల్‌ని మగవాళ్లతో కలిసి నడిపి గెలిచింది. ఇంతకంటే వాదించను.

అపోహ: వైజాగ్‌లో ఉండి రేసర్ అవ్వడం కుదరదు

కష్టం, కానీ కుదరనిది కాదు. రోజూ ట్రాక్ దొరకదు కాబట్టి ఇక్కడ చేయగలిగింది ఒంటిని సిద్ధం చేసుకోవడం, బండి విప్పి బిగించడం నేర్చుకోవడం, కార్టింగ్ దొరికిన చోట లైన్లు అలవాటు చేసుకోవడం. తర్వాత చెన్నైలోనో కోయంబత్తూరులోనో రేసింగ్ స్కూల్‌లో కోర్సు చేసి లైసెన్సుకి దరఖాస్తు చేయాలి. మైనర్ అయితే అమ్మానాన్నల సంతకం కావాలి. స్కూల్‌లో చాలాచోట్ల బండి వాళ్లే ఇస్తారు, కాబట్టి మొదటిసారికి వ్యాన్ అక్కర్లేదు. కోరమండల్‌లో వెళ్లిపోవచ్చు. సూట్ అద్దెకి ఇస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బూట్లు, గ్లవ్స్ మాత్రం మీ సైజువి మీరే కొనుక్కోండి. వేరేవాళ్ల గ్లవ్స్‌తో బ్రేకు లివర్ సరిగ్గా తెలియదు.