‘ఇంట్లో డబ్బు అందరిదీ’ అనుకునేవాళ్లకు: ఫ్యామిలీ కోర్టులో నేను రోజూ వినే అపోహలు

తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రంలో ఇంటికంతటికీ కలిపి ఒకే అంకె ఉంటుంది. ఇరవై ఏళ్లుగా గుంటూరులో లాయరుగా కుటుంబ కేసులు చూస్తున్నాను. నా టేబుల్ మీదకు వచ్చేసరికి ఆ అంకె రెండు ముక్కలవుతుంది. చాలాసార్లు భార్య వైపు ముక్క సున్నా.

అపోహ: విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకు వస్తుంది.

వాట్సాప్ పుణ్యమా అని మొదటి రోజే అడిగే మాట ఇది. అబ్బాయి వాళ్లు భయంతో అడుగుతారు, అమ్మాయి వాళ్లు ఆశతో అడుగుతారు. గోవాలో పాత పోర్చుగీసు చట్టం ప్రకారం భార్యాభర్తల ఆస్తి మామూలుగా ఉమ్మడిది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఎవరి పేరున రిజిస్టరైతే ఇల్లు వాళ్లదే. భార్య తన స్త్రీధనం (తనకు పెట్టిన నగలు, కానుకలు) వెనక్కి అడగొచ్చు, భరణం అడగొచ్చు. శాశ్వత భరణం ఎంతన్నది కోర్టు చూసి చెబుతుంది, సగం అనే లెక్క అందులో లేదు.

‘ఇద్దరూ ఉద్యోగస్తులే, ఇక తేడా ఏముంది’ అంటారు. సాఫ్ట్‌వేర్ అబ్బాయికి సాఫ్ట్‌వేర్ అమ్మాయినే వెతుకుతారు కాబట్టి ఒక ఇంట్లో రెండు పెద్ద జీతాలు చేరతాయి. ఒంటరి తల్లి నడిపే పక్కింట్లో ఒక్కటి కూడా నిలకడగా ఉండదు. ఇళ్ల మధ్య తేడా అలా పెరుగుతుంది. పోనీ, రెండు జీతాల ఇంట్లోనైనా సమానమా? ఒక కేసులో భర్త జీతం ఫ్లాటు ఈఎంఐకి పోయేది. భార్య జీతం పాలు, కూరలు, స్కూలు ఫీజులు, అత్తగారి మందులకు. ఎనిమిదేళ్లు ఇద్దరూ ఇంచుమించు సమానంగానే పెట్టారు. చివరికి ఫ్లాటు ఆయన పేరున నిలిచింది, ఆవిడ చేతిలో మందుల బిల్లులు కూడా లేవు. ఈఎంఐ ఆవిడ ఖాతాలోంచి పోయుంటే కనీసం బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి వాదించేదాన్ని.

అపోహ: భార్యకు ఉద్యోగం ఉంటే భరణం రాదు.

ఉద్యోగం ఉన్నంత మాత్రాన భరణం ఆగిపోదు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద, సంపాదన లేని భర్త కూడా అడగొచ్చు. 2020లో రజనేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు భార్యాభర్తలిద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాల్సిందే అంది. ఆ ఫారం నింపేటప్పుడు చూడాలి. గ్యాస్ బండ ధర, పాలవాడి బాకీ రూపాయితో సహా చెప్పినావిడ, భర్త జీతం దగ్గరికి వచ్చేసరికి ‘ఎంతో నాకెప్పుడూ చెప్పలేదండీ’ అంది. పెళ్లయి పదకొండేళ్లు.

అపోహ: ఇంట్లో ఉండేవాళ్లకు ఆదాయం లేదు.

కేంద్రం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88. యాక్సిడెంట్ కేసుల్లో గృహిణి పనికి కోర్టులు విలువ కడతాయి, 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగానే చెప్పింది. కాకపోతే ఆ లెక్క యాక్సిడెంట్ అయ్యాకే!

అపోహ: కట్నం ఇచ్చాం, కూతురి వాటా తీరిపోయింది.

కట్నం వాటా కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు రాలేదు. అంటే 1984లో పెళ్లయిన అక్కకు లేదు, 1988లో పెళ్లయిన చెల్లికి ఉంది. ఆ గీతను 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం చెరిపేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేం. తండ్రి సొంత సంపాదనైతే ఆయన వీలునామా ఎవరికైనా రాయొచ్చు.

సరిగ్గా అలాంటి అక్కచెల్లెళ్లిద్దరు వచ్చారు. పండక్కి పుట్టింటికి పిలిచి, చెరో పట్టుచీర పెట్టి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి హక్కు విడుదల దస్తావేజు (వాటా వదులుకున్నామనే కాగితం) మీద సంతకాలు చేయించారట. రాకపోకలు తెగిపోతాయన్న భయంతో చేశామన్నారు. అక్క అడిగింది: ‘చదవకుండా పెట్టిన సంతకం చెల్లుతుందా అమ్మా?’ మోసమో ఒత్తిడో రుజువు చేస్తే తప్ప చెల్లుతుంది. సంతకానికి ముందు రోజు ఫోను చేసినా సరిపోయేది.