క్యూఈఎంయూ కోడ్‌లో ప్రాసెసర్ టోపాలజీ: అపోహలు – వాస్తవాలు

అపోహ: ‘కోర్స్’ అంటే ఒక సాకెట్‌లో ఉన్న మొత్తం కోర్లు.

వాస్తవం: వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూలో, ప్రాసెసర్ అమరికను (టోపాలజీని) చెప్పే ఎస్‌ఎంపీ ఆప్షన్‌లో మనం ఇచ్చే ప్రతి సంఖ్యా దానికి నేరుగా పైనున్న స్థాయిలో, ఒక్కొక్కదానికి ఎన్ని ఉన్నాయో మాత్రమే చెబుతుంది. సాకెట్లు (చిప్ కూర్చునే చోట్లు) 2, డైలు (చిప్‌లోని సిలికాన్ ముక్కలు) 2, కోర్లు 2, థ్రెడ్లు 2 అని ఇస్తే, ఆ కోర్ల లెక్క ఒక డైకి చెందినది. సాకెట్‌కు 4 కోర్లు, మెషీన్ మొత్తానికి 16 లాజికల్ ప్రాసెసర్లు అవుతాయి. మా బృందంలో కొత్తగా చేరినవారు, “నేను 2 ఇస్తే గెస్ట్‌లో (అంటే వర్చువల్ మెషీన్‌లో) ఎల్ఎస్‌సీపీయూ ఆదేశం సాకెట్‌కు 4 కోర్లు చూపిస్తోందేమిటండీ, ఏమైనా పాడుచేశానా?” అని కంగారుగా అడుగుతుంటారు. వారు ఏమీ పాడుచేయలేదు. కంగారుకు కారణం కోడ్‌లో మనం రాసిన వ్యాఖ్యలే.

డైలు లేని రోజుల్లో సాకెట్‌కు ఇన్ని కోర్లు అనే అర్థం సరిపోయింది. తరువాత ‘కోర్స్’ ఫీల్డ్ అర్థం మారినా, దాన్ని వాడుకునే కోడ్ అంతటా ఆ మార్పు చేరలేదు. గెస్ట్‌కు హార్డ్‌వేర్ వివరాలు తెలిపే ఎస్‌ఎంబయాస్‌లో, ప్రాసెసర్‌కు సంబంధించిన టైప్ 4 పట్టికలోని కోర్ కౌంట్, స్పెసిఫికేషన్ ప్రకారం, సాకెట్‌కు సంబంధించినది. అక్కడ పాత అలవాటు ప్రకారం ఆ ఫీల్డ్‌నే నేరుగా రాయడం వల్ల, పై ఉదాహరణలో 4 రావలసిన చోట 2 వచ్చేది. సాకెట్‌కు ఎన్ని కోర్లో గుణించి ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్‌ను చేర్చి, దీన్ని సరిచేశారు. ఇది చాలదన్నట్టు, ఒక్కో వర్చువల్ ప్రాసెసర్ స్థితిని ఉంచే సీపీయూస్టేట్‌లో ఒకప్పుడు ఉన్న ‘ఎన్ఆర్ కోర్స్’ మాత్రం ప్యాకేజీ (అంటే సాకెట్) మొత్తానికి లెక్కగా ఉండేది. కాబట్టి ‘కోర్ల సంఖ్య’ అని మాత్రమే రాసిన ప్యాచ్‌ను (కోడ్ సవరణను) నేను వెనక్కు పంపుతాను. ‘ఒక డైలో’ అనో, ‘ఒక సాకెట్‌లో’ అనో ఉండి తీరాలి.

అపోహ: స్థాయిలన్నింటి లబ్ధం ‘సీపీయూస్’కు (మొదట్లో ఉండే ప్రాసెసర్ల సంఖ్యకు) సమానం కావాలి.

వాస్తవం: ‘మ్యాక్స్‌సీపీయూస్’కు (ప్రాసెసర్ల గరిష్ఠ సంఖ్యకు) సమానం కావాలి. హాట్‌ప్లగ్ (మెషీన్ నడుస్తుండగానే ప్రాసెసర్లు చేర్చడం) కోసం మిగిలిన ఖాళీలూ అందులో భాగమే.

అపోహ: ఏపీఐసీ ఐడీలు (ఒక్కో లాజికల్ ప్రాసెసర్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) వరుసగా ఉంటాయి.

వాస్తవం: ప్రతి స్థాయికీ విడిగా పూర్తి బిట్లు కేటాయిస్తారు. 3 కోర్లకు 2 బిట్లు కావాలి, వాటిలో 4 విలువలు పడతాయి కాబట్టి ఒకటి ఖాళీగా మిగులుతుంది. 2 సాకెట్లు, సాకెట్‌కు 3 కోర్లు, ఒక్కో కోర్‌కు ఒకే థ్రెడ్ ఉంటే ఐడీలు 0, 1, 2, 4, 5, 6. నడుమ 3 ఉండదు.

అపోహ: థ్రెడ్లు పెంచి చూపితే గెస్ట్ వేగం పెరుగుతుంది.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గాని, టోపాలజీ అనేది గెస్ట్‌కు మనం చెప్పే వర్ణన మాత్రమే, వీసీపీయూలను (వర్చువల్ ప్రాసెసర్లను) హోస్ట్ (అసలు యంత్రం) కోర్లకు కట్టడం వేరే పని.

అపోహ: క్యూఈఎంయూ 6.2కు మారితే పాత వర్చువల్ మెషీన్ల టోపాలజీ తారుమారవుతుంది.

వాస్తవం: ఈ భయంతో అప్‌గ్రేడ్ వాయిదా వేసేవారిని తప్పుపట్టలేను, ఎందుకంటే చెప్పకుండా వదిలిన సంఖ్యలను పూరించేటప్పుడు సాకెట్లకు బదులు కోర్లను పెంచే పద్ధతి నిజంగానే 6.2లో వచ్చింది. అయితే 6.1, అంతకు ముందరి మెషీన్ టైపులకు (గెస్ట్‌కు చూపే హార్డ్‌వేర్ నమూనాలకు) పాత పద్ధతినే కొనసాగించారు. వెర్షన్‌తో కూడిన మెషీన్ టైపు పేరును మార్చనంత వరకు గెస్ట్‌కు పాత సాకెట్లే కనిపిస్తాయి.