బిల్లు కౌంటర్ దగ్గర నంబరెందుకు?

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

సంక్రాంతికి బట్టలు కొన్నరోజు అమ్మ కౌంటర్లో ఫోన్ నంబరు చెబుతుంటే, చిన్నది నా చొక్కా లాగి అడిగింది: "తాతయ్యా, డబ్బులిచ్చేశాం కదా, మళ్లీ నంబరెందుకు?" వెనకవాళ్లు తొందరపెడుతున్నారని అప్పుడు తప్పించుకున్నాను.

మా ఊళ్లో ఒకటే కిరాణా కొట్టు. కొట్టు తాత దగ్గర పొడుగాటి పద్దు పుస్తకం, అందులో ఇంటికో పేజీ. ఏ ఇంటికి ఎప్పుడు ఏ సరుకు వెళ్లిందో అంతా అందులోనే. మా ఇంటి నుంచి వెళ్లేది నేనే, కొసరుగా పెట్టే బెల్లం ముక్క కోసం. (అది ఏనాడూ ఇల్లు చేరలేదు.) ఒకసారి రెండు వారాలు వరసగా కాఫీపొడి అడగలేదు. తాత పేజీ తిప్పి చూసి, "మీ పిన్నికి కాఫీ వాసన పడట్లేదేమిట్రా?" అని నవ్వి, కొత్త చింతపండు పొట్లం కట్టి "ఇది పిన్నికివ్వు" అన్నాడు. పిన్ని కడుపుతో ఉందని మా తాతయ్యకన్నా ముందే ఆయనకు తెలిసిపోయింది! కొన్నవే కాదు, కొనడం మానేసినవీ కబుర్లు చెబుతాయి.

అమ్మ చెప్పిన నంబరు కూడా అలాంటి పేజీ నంబరే. అది లేకపోతే ఇవాళ్టి బిల్లుకూ పోయిన నెల బిల్లుకూ చుట్టరికం తెలియదు.

అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ అచ్చం కొట్టు తాత పనే చేసింది. అక్కడి లెక్కల నిపుణుడు ఆండ్రూ పోల్ వాసన లేని లోషన్, కాల్షియం, జింక్ మాత్రల్లాంటి పాతిక రకాల సరుకులను కలిపి చూసి, ఎవరింటికి పాపాయి రాబోతోందో అంచనా కట్టాడు. 2012లో పత్రికకెక్కిందీ సంగతి. పాపాయి సామాన్ల కూపన్లే పంపితే జనం ఉలిక్కిపడతారని, డైపర్ల పక్కనే గడ్డి కోసే మిషన్ ప్రకటన కూడా వేసేవారట! కంప్యూటర్ అన్ని లక్షల పేజీలు ఎలా తిప్పుతుందో నన్నడక్కండి, నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అయితే కొట్టు తాత పద్దు మాకూ తెలుసు. ఏ కూతురి పెళ్లికి అప్పు చేశాడో, తక్కెడ మీద ఆయన వేలు ఎప్పుడు ఆనుతుందో ఊరంతటికీ తెలుసు. ఇప్పటి దుకాణం పేజీ మనకు కనబడదు. నాకు నచ్చనిది అదొక్కటే. అన్నట్టు, నంబరు కోసం పట్టుబట్టొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. ఇవ్వననడం తప్పేం కాదు.

ఈ ఆదివారం అమ్మనడిగి, నేనక్కడున్న పదిరోజుల బిల్లులు నేలమీద పరవండి. ముక్కూమొహం తెలియని ఇంటివనుకుని చదవండి. ఆ ఇంట్లో ఎందరు? ఎవరికి పళ్లు జివ్వుమంటున్నాయి? షుగర్ లేని బిస్కెట్లు ఎవరివి, పల్లీ చిక్కీలు ఎవరివి? తేలిందేమిటో నాకు రాయండి. చిక్కీల సంగతి మాత్రం నానమ్మకు చెప్పకండి.

మీ తాతయ్య