పెంపుడు ఊసరవెల్లి ఆరోగ్యం: కేజ్‌లో ఎండా ఉండాలి, నీడా ఉండాలి

ఊసరవెల్లి తిండి మానేసిందని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది కేజ్ ఫొటో. బల్బు ఏ రకం, కొమ్మకు ఎంత ఎత్తులో ఉంది, ఆకుల మీద నీళ్లు రోజుకు ఎన్నిసార్లు పడతాయి, పురుగులకు ఏం పెడుతున్నారు, ఇవన్నీ తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. ఎందుకంటే ఇళ్లల్లో పెరిగే ఊసరవెల్లులకు వచ్చే సమస్యల్లో చాలావరకు బయటి నుంచి అంటుకునేవి కావు, మనం అమర్చిన చోటు నుంచి పుట్టేవి. పైగా ఇది జబ్బును దాచుకునే జంతువు. చెట్టు మీద నీరసంగా కనబడితే ఏ పక్షో పామో ఎత్తుకుపోతుంది కాబట్టి, కొమ్మ పట్టుకునే ఓపిక ఉన్నంతవరకు మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది, మన కంటికి తేడా తెలిసేసరికి లోపల జబ్బు ఎన్నో వారాలుగా నడుస్తూ ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా వీల్డ్ ఊసరవెల్లి గురించి. తల మీద ఎత్తుగా టోపీలాంటి కొమ్ము ఉంటుంది, శాస్త్రీయ నామం కమీలియో కాలిప్ట్రేటస్, సొంత ఊరు యెమెన్, సౌదీ అరేబియా నైరుతి కొండలు. అమెరికా పెట్ షాపుల్లో ఎక్కువగా దొరికేది ఇదే, అక్కడున్న మనవాళ్ల పిల్లలు మారాం చేసి కొనిపించుకునేదీ సాధారణంగా ఇదే. దాని తర్వాత మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్ ఊసరవెల్లి. మన పల్లెల్లో కంచెల మీద, తుమ్మచెట్ల మీద మెల్లగా ఊగుతూ నడిచేది వేరే జాతి, కమీలియో జైలానికస్. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పట్టుకోవడం, ఇంట్లో పెంచడం నేరం. దానికి విషం లేదు, దయచేసి రాళ్లు వేయకండి, తెచ్చి పంజరంలోనూ పెట్టకండి. విదేశీ జాతిని ఇండియాలో పెంచుతున్నవాళ్లు కూడా కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కొనేటప్పుడు అడవిలో పట్టి తెచ్చినదాన్ని కాకుండా, కేజ్‌లోనే పుట్టి పెరిగినదాన్ని తీసుకోండి, పట్టి తెచ్చినవాటికి పొట్ట నిండా పరాన్నజీవులు, పైన ప్రయాణపు దెబ్బ.

ఇక అసలు విషయం వెలుగు. టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో గ్యారీ ఫెర్గూసన్ బృందం పాంథర్ ఊసరవెల్లుల మీద చాలా ఏళ్లు పనిచేసింది. 2003లో, ఆ తర్వాత 2009లో వచ్చిన వాళ్ల పరిశోధనల్లో తేలిందేమిటంటే, తిండిలో విటమిన్ డి3 తక్కువగా అందిన ఊసరవెల్లులు వాటంతట అవే అతినీలలోహిత కాంతి కిందికి వెళ్లి ఎక్కువసేపు కూర్చున్నాయి, తిండిలో డి3 బాగా అందినవి ఆ కాంతికి దూరంగా జరిగాయి. అంటే తన ఒంట్లో ఎంత ఉందో, ఇంకా ఎంత కావాలో దాని ఒంటికి తెలుసు, దాన్ని బట్టి ఎండలోకీ నీడలోకీ మారుతూ సరిచేసుకుంటుంది. నాకు తెలిసి ఊసరవెల్లి పెంపకంలో ఇంతకంటే పనికొచ్చే శాస్త్ర విషయం మరొకటి లేదు. దీన్ని నమ్మితే కేజ్ అమర్చే పద్ధతే మారిపోతుంది: అంతటా ఒకే వేడి, ఒకే వెలుగు, ఒకే తడి ఉండేలా చూడటం తప్పు, ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా, పైన కాంతి ఎక్కువగా, కింద ఆకుల మాటున దాదాపు లేకుండా ఉంచి, ఎక్కడ ఎప్పుడు ఉండాలో దానికే వదిలేయాలి.

ఆ కాంతి అంత ముఖ్యం ఎందుకైందో చూద్దాం. చర్మంలో కొలెస్ట్రాల్‌కు దగ్గరి చుట్టమైన ఒక పదార్థం ఉంటుంది. దాని మీద 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ (అతినీలలోహిత కాంతిలో ఒక రకం) కిరణాలు పడితే అది విటమిన్ డి3కి ముందు రూపంగా మారుతుంది, ఒంటి వేడికి మెల్లగా డి3 అవుతుంది, కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండాల్లో ఇంకో మార్పు జరిగాక పని చేసే హార్మోన్ తయారవుతుంది. ఆ హార్మోన్ ఉంటేనే పేగులు తిండిలోని కాల్షియంను సరిగ్గా లాగుకోగలవు. అది లేకపోతే మీరు ఎంత కాల్షియం పొడి చల్లినా చాలా భాగం వచ్చిన దారినే పోతుంది. రక్తంలో కాల్షియం పడిపోగానే పారాథైరాయిడ్ గ్రంథి మేలుకుని ఎముకల్లోంచి తీయడం మొదలుపెడుతుంది, ఎందుకంటే గుండె కొట్టుకోవడానికీ కండరాలు కదలడానికీ అది అప్పటికప్పుడు కావాలి. అలా కాళ్ల ఎముకలు వంగిపోతాయి, దవడ రబ్బరులా మెత్తబడుతుంది, కొమ్మ మీద పట్టు తప్పుతుంది. చాలామంది గమనించని తొలి సూచన నాలుక. పురుగు మీద గురి కుదిరినా నాలుక దూరం పోకపోవడం, బయటికి వచ్చింది లోపలికి సరిగ్గా వెళ్లకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఎముకలు ఒకసారి వంగాక చికిత్సతో జబ్బు ఆగుతుందేమో గానీ వంకర పూర్తిగా పోదు.

కాబట్టి పెట్ షాపులో కేజ్‌తో పాటు కిట్‌గా ఇచ్చే చిన్న చుట్ట బల్బును పక్కన పెట్టేయండి. కేజ్ వెడల్పంతా వచ్చే పొడవాటి టీ5 హై అవుట్‌పుట్ ట్యూబ్ తీసుకోండి, 5 లేదా 6 శాతం యూవీబీ రకం సరిపోతుంది. ఊసరవెల్లి ఎండ కాగే కొమ్మ దగ్గర యూవీ ఇండెక్స్, అంటే అతినీలలోహిత కాంతి తీవ్రత కొలత, దాదాపు 3 ఉంటే బాగుంటుంది. పైన ఉన్న మెష్ జాలీ కూడా చాలా కాంతిని మింగేస్తుంది, అందుకే ట్యూబుకూ కొమ్మకూ ఎంత దూరం ఉండాలన్నది ఊహించి పెట్టేకంటే కొమ్మ దగ్గర కాంతిని యూవీ మీటరుతో కొలిచి పెట్టడం మేలు. మీటరు ఖరీదే, కానీ పెంచేవాళ్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. ఇంకో మాట, ట్యూబ్ వెలుగుతోంది కదా అని ఏళ్ల తరబడి వాడకండి, కంటికి కనిపించే వెలుగు అలాగే ఉన్నా యూవీబీ మెల్లగా తగ్గిపోతుంది, ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో మార్చాలి. కిటికీ పక్కన పెట్టాం, ఎండ పడుతోంది అనేవాళ్లూ ఉన్నారు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది, వేడి మాత్రం లోపలికి వస్తుంది, అంటే లాభం లేదు, పైగా ప్రమాదం.

వేడి సంగతి కొస్తే, ఎడారి దేశపు జంతువు కదా అని మండించేవాళ్లు ఎక్కువ. ఈ జాతి బతికేది కొండల మీద, వాగుల పక్క పచ్చదనంలో. పగలు కొమ్మ దగ్గర 29, 30 డిగ్రీల సెల్సియస్ చాలు, ఆడదానికి ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువైనా మంచిదే, మిగతా కేజ్ 22 నుంచి 25 మధ్య ఉండొచ్చు. రాత్రి 18కి దిగితే దానికి హాయి, అందుకే రాత్రి పూట ఎర్ర బల్బులూ హీటర్లూ అవసరం లేదు, పన్నెండు గంటల పూర్తి చీకటి అవసరం. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని. వేడి బల్బుకు మరీ దగ్గరగా కొమ్మ ఉంటే తల మీది కొమ్ము, వీపు కాలిపోతాయి, కాలుతున్నా అక్కడే కూర్చుంటుంది, కాబట్టి దూరం చూసుకోవాల్సింది మనమే.

నీళ్ల విషయంలో గిన్నె పెట్టి ఊరుకుంటే కుదరదు. నిలిచి ఉన్న నీటిని ఊసరవెల్లి నీరుగా గుర్తించడం అరుదు, ఆకు మీద మెరిసే చుక్కలనే నాలుకతో అందుకుంటుంది. దాని ఊళ్లో పగలు గాలి పొడిగా ఉంటుంది, రాత్రి చల్లబడి తెల్లారేసరికి ఆకుల మీద మంచు పడుతుంది. మనం చేయాల్సింది కూడా అంతే: తెల్లవారకముందు, దీపాలు ఆరాక కాసేపు సన్నటి తుంపర, పగలు ఒకసారి డ్రిప్పర్ నుంచి చుక్కచుక్కగా నీళ్లు, మధ్యలో కేజ్ పూర్తిగా ఆరిపోవాలి. రోజంతా తడిగా, గాలి ఆడకుండా, వెచ్చగా ఉంచితే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వస్తుంది, నోటి దగ్గర బుడగలు, తల పైకెత్తి గాలి పీల్చడం దాని గుర్తులు. నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి రెట్ట చూడండి. గోధుమరంగు ముద్దతో పాటు పడే యూరేట్ భాగం (మూత్రానికి బదులు గట్టిగా వచ్చేది) తెల్లగా ఉంటే బాగున్నట్టు, ముదురు పసుపో నారింజో అయితే నీరు తక్కువ పడుతోంది. ఇది చిన్న విషయంగా తీసుకోకండి, నెలల తరబడి నీరు తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతిని కీళ్లలో యూరిక్ యాసిడ్ పేరుకుపోతుంది, అదే గౌట్, అది వచ్చాక వెనక్కి రావడం కష్టం. అందుకే నాలుగు వైపులా గాలి ఆడే మెష్ కేజ్, కనీసం రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, లోపల నిజమైన మొక్కలు ఉండాలి. మందార పెట్టండి, ఈ జాతి మందార ఆకులూ పువ్వులూ ఇష్టంగా తింటుంది కూడా.

తిండిలో రహస్యం పురుగుల్లో కాదు, పురుగులు తిన్నదాంట్లో ఉంది. క్రికెట్లు, అంటే మన కీచురాళ్ల జాతివి, వాటిలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ, ఊసరవెల్లికి కావాల్సింది దానికి తలకిందులు. అందుకే తినిపించడానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచి ఆ పురుగులకు మునగాకు, క్యారెట్, చిలగడదుంప లాంటివి పెట్టాలి, ఇచ్చేటప్పుడు డి3 కలవని మామూలు కాల్షియం పొడి పలచగా అద్దాలి. డి3, విటమిన్ ఎ ఉన్న మల్టీవిటమిన్ నెలకు రెండుసార్లు చాలు. ఇక్కడ ఎక్కువ పెడితే ఎక్కువ మేలు అనుకోవద్దు: కాంతి ద్వారా తయారయ్యే డి3ని ఒళ్లు తనకు తగ్గట్టు ఆపుకోగలదు, నోటి ద్వారా వెళ్లినదాన్ని ఆపుకోలేదు, అది మితిమీరితే మెత్తటి అవయవాల్లోనూ రక్తనాళాల్లోనూ కాల్షియం పేరుకుంటుంది. విటమిన్ ఎ మరీ తక్కువైతే కళ్లు వాచి మూసుకుపోతాయి. ఎదిగిన వీల్డ్‌కు రోజు విడిచి రోజు నాలుగైదు పురుగులు సరిపోతాయి, అది ఆశగా చూస్తోందని రోజూ పెడితే కొవ్వు పట్టి కాలేయం పాడవుతుంది. పట్టుపురుగులు దొరికితే మంచి మార్పు, మెత్తగా ఉంటాయి, నీరు ఎక్కువ, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వెళ్లినవాళ్లకు వాటి పెంపకం చెప్పక్కర్లేదు. పెరట్లో పట్టిన పురుగులు మాత్రం వద్దు, పురుగుమందు భయం ఒకటి, మిణుగురులు ఇంకొకటి. అమెరికాలో ఎండాకాలం సాయంత్రాలు పిల్లలు సీసాల్లో పట్టే మిణుగురుల్లో గుండెను ఆపేసే విషం ఉంటుంది, ఒక్కటి తిన్నా బల్లి జాతులు చనిపోయిన సందర్భాలు నమోదయ్యాయి. ఇది ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

రంగు గురించి. చుట్టూ ఉన్న రంగులోకి మారిపోతుందన్న నమ్మకం మన సామెతల్లో స్థిరపడిపోయింది గానీ, దాని రంగు ఎక్కువగా చెప్పేది మూడ్, వేడి, ఎదురుగా ఉన్న ఇంకో ఊసరవెల్లి సంగతి. 2015లో జెనీవా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు పాంథర్ ఊసరవెల్లి చర్మంలో గ్వానైన్ అనే పదార్థంతో కట్టిన అతి చిన్న స్ఫటికాలు ఉన్నాయని, అవి దగ్గరగా ఉన్నప్పుడు నీలం వైపు కాంతి, దూరం జరిగినప్పుడు పసుపు, ఎరుపు వైపు కాంతి తిరిగి వస్తుందని చూపించారు. పెంచేవాళ్లకు ఇది రోజూ పనికొచ్చే సమాచారం. పొద్దున్నే ముదురుగా ఉండి బల్బు కిందికి వెళ్తే చలి కాచుకుంటోంది, అది మామూలే. మధ్యాహ్నం కూడా నల్లగానే ఉండి ఒక మూల నక్కి ఉంటే టెన్షన్‌లో ఉందనో, నొప్పితో ఉందనో అనుకోవాలి. పగటి పూట కళ్లు మూసుకుని ఉంటే మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

టెన్షన్‌కు అసలు కారణం చాలాసార్లు మన ప్రేమే. చేతిలోకి తీసుకోవడం, భుజం మీద ఎక్కించుకోవడం, వచ్చినవాళ్లందరికీ చూపించడం. ఇది ఒంటరిగా బతికే జంతువు, పై నుంచి వచ్చే చెయ్యి దానికి వేటాడే పక్షితో సమానం. ఒక కేజ్‌లో ఒక్కటే ఉండాలి, ఇంకోటి కంటికి కూడా కనబడకూడదు. కేజ్‌ను బల్ల మీద ఎత్తుగా పెట్టండి, మనిషి కంటి కంటే పైన కూర్చోగలిగితే దానికి ధైర్యం. చూసి ఆనందించే జంతువు కావాలంటే ఇది అద్భుతం, ఎత్తుకుని ముద్దు చేయాలనుకునే చిన్న పిల్లలున్న ఇంటికి నేనైతే వద్దనే చెబుతాను.

ఆడ ఊసరవెల్లి కొన్నవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది గుడ్ల గురించి. ఆడ వీల్డ్ మగదాని ముఖం చూడకపోయినా, కోడిపెట్టలాగే గుడ్లు పెడుతుంది, అదీ ఒక్కో విడతకు పదుల్లో. వాటి కోసం ఒంట్లోని కాల్షియం అంతా ఖర్చవుతుంది, తవ్వడానికి చోటు దొరకకపోతే గుడ్లు లోపలే ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అడుగు లోతున తడి ఇసుక ఉన్న తొట్టి కేజ్‌లో ఎప్పుడూ ఉంచండి, వేలితో కన్నం చేస్తే కూలిపోకుండా నిలిచేంత తడి. అది తవ్వడం మొదలుపెట్టాక కేజ్‌కు గుడ్డ కప్పేసి దూరంగా ఉండండి, ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే మధ్యలో మానేస్తుంది. తిండీ, వేడీ కాస్త తగ్గించి పెంచిన ఆడవాటికి గుడ్లు తక్కువగా వస్తాయి, ఎక్కువ కాలం బతుకుతాయి. తీరిక లేక పెంచలేకపోతే బయట చెట్టు మీద మాత్రం వదలకండి. ఫ్లోరిడాలో ఈ జాతి ఇప్పటికే అడవిపాలై స్థిరపడిపోయింది, హవాయిలో దీన్ని పెంచడమే నిషేధం.

డాక్టర్ విషయానికొస్తే, కుక్కలూ పిల్లులూ చూసే అందరికీ దీని సంగతి తెలియదు, కాబట్టి సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ ఎవరో జబ్బు రాకముందే వెతికి పెట్టుకోండి. తెచ్చిన మొదటి నెలలోనే రెట్ట పరీక్ష చేయించండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద చిన్న కర్ర పెట్టి వారానికోసారి బరువు చూసి రాసుకోండి, తిండి మానకముందే బరువు తగ్గడం మొదలవుతుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయొద్దు, కొన్ని రకాలు నీరు తక్కువైన ఊసరవెల్లి మూత్రపిండాలను చంపేస్తాయి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు గాలి ఆడే డబ్బాలో ఒక కొమ్మ పెట్టి, పైన తువ్వాలు కప్పి తీసుకెళ్లండి, వెంట తాజా రెట్ట, బరువుల కాగితం, ట్యూబ్ ఎప్పుడు మార్చారో ఆ తేదీ, కేజ్ ఫొటో కూడా ఉండాలి.