హైవే మీద వేగం ఎంతో తేల్చేదెవరు? 112వ సెక్షన్ వెనుక కథ

జాతీయ రహదారి పక్క ఊరిలో ఘోర ప్రమాదం జరిగినప్పుడల్లా జనం రాస్తారోకోకు దిగుతారు, అధికారులు వచ్చి హామీ ఇస్తారు, ట్రాఫిక్ కదులుతుంది. ‘మా ఊరి దగ్గర బళ్ల వేగం తగ్గించండి’ అన్న కోరిక మాత్రం మళ్లీ అక్కడే ఆగిపోతుంది. వచ్చిన ఎస్సైకి గాని, తహసీల్దారుకు గాని, రోడ్డు వేసిన ఇంజనీరుకు గాని చట్టబద్ధమైన వేగ పరిమితిని తమంతట తాము మార్చే అధికారం లేదు. పంచాయతీ తీర్మానం చేసినా అది వినతిపత్రంతో సమానమే. ఈ చిక్కుకు మూలం 1988 నాటి మోటారు వాహనాల చట్టం తెచ్చిన ఒక మార్పులో ఉంది.

అంతకుముందున్న 1939 చట్టంలో 71వ సెక్షన్ వేగ పరిమితుల గురించి చెప్పేది. ఏ వాహనం ఎంత వేగం దాటకూడదో ఆ చట్టానికి జతచేసిన ఎనిమిదో షెడ్యూలులోనే రాసి ఉండేది. 1988 చట్టం ఆ షెడ్యూలును వదిలేసి, 112వ సెక్షన్ కింద గరిష్ఠ వేగాన్ని నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం చేతికిచ్చింది. చట్టంలో ఉండాల్సిన అంకె ఢిల్లీలోని ఒక మంత్రిత్వ శాఖ ఉత్తర్వులోకి మారింది. రాష్ట్రాలకు మిగిలింది తగ్గించే హక్కు ఒక్కటే. ప్రజల భద్రత దృష్ట్యా గాని, రోడ్డు లేదా వంతెన స్వభావాన్ని బట్టి గాని రాష్ట్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో పరిమితిని తగ్గించవచ్చు. అయితే దానికి గెజిట్‌లో ప్రకటన, రోడ్డు మీద బోర్డు రెండూ కావాలి. పెంచే పని ఒక్క ఉత్తర్వుతో దేశమంతటా జరిగిపోతుంది, తగ్గించాలంటే మాత్రం రోడ్డు రోడ్డుకూ విడిగా ఫైలు కదలాలి. ఈ తేడా 30 ఏళ్ల తర్వాత పూర్తిగా బయటపడింది.

2018 ఏప్రిల్ 6న కేంద్రం కొత్త పరిమితులు ప్రకటించింది. కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేలపై గంటకు 120 కిలోమీటర్లు, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్లపై 100, మునిసిపల్ పరిధిలోనూ ఇతర రోడ్లపైనా 70. ఈ పట్టికను ఒక పల్లెవాసి కళ్లతో చదివితే అసలు లోపం కనబడుతుంది. మునిసిపాలిటీ పరిధికి ఒక గడి ఉంది, గ్రామ పంచాయతీకి లేదు. నాలుగు వరుసల రహదారి పల్లె నడిబొడ్డు నుంచి వెళ్తే, బడి పిల్లలూ పొలానికి వెళ్లే కూలీలూ దాటే చోట కూడా ఆ పట్టిక ప్రకారం కారు 100 కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. రాష్ట్రం ప్రత్యేకంగా తగ్గిస్తే తప్ప అదే చెల్లుతుంది. దీనికి రెండేళ్ల ముందే, 2016లో, జాతీయ రహదారులపై స్పీడ్ బ్రేకర్లు తొలగించాలని కేంద్ర రవాణా శాఖ ఆదేశించింది. అలా ఊరి వాళ్లు అడిగి వేయించుకోగలిగిన ఒక్క అడ్డూ అంతకు ముందే పోయింది.

కేంద్రం వాదన నిపుణుల సంఘం సిఫారసుపై ఆధారపడింది: రోడ్లు బాగుపడ్డాయి, ఇంజన్లు మెరుగయ్యాయి. వెడల్పాటి రోడ్డు మీద మరీ తక్కువ పరిమితిని ఎవరూ పాటించరనీ, వాహనాల వేగాల మధ్య తేడా కూడా ప్రమాదమేననీ ఇంజనీర్లు చెప్పేది కొట్టిపారేయలేం. 2021లో మద్రాసు హైకోర్టు మాత్రం ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. రోడ్డు ప్రమాదంలో 90 శాతం వైకల్యం పాలైన ఒక దంతవైద్యురాలి పరిహారం కేసును విచారిస్తూ జస్టిస్ ఎన్. కిరుబాకరన్, జస్టిస్ టి.వి. తమిళ్‌సెల్వి ధర్మాసనం ఈ ప్రశ్నను చేపట్టింది. ఇంజన్ మెరుగైనంత మాత్రాన డ్రైవర్లు నియమాలు పాటిస్తారనుకోవడానికి లేదని చెప్పి, 2014 ఆగస్టు నాటి తక్కువ పరిమితులకు తిరిగి వెళ్లమంది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ, ఎక్స్‌ప్రెస్‌వేలపై 140 కిలోమీటర్ల దాకా అనుమతించాలన్నదే తన అభిప్రాయమని, చట్ట సవరణ ఆలోచన ఉందని బహిరంగంగా చెప్పారు. పరిహారం కోసం ఒక బాధితురాలు కోర్టు గుమ్మం ఎక్కితే తప్ప రోడ్డు పక్కవాళ్ల గోడు ఈ చర్చలోకి రాలేదన్నది ఇక్కడ గమనించాలి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు కథ వేరు. 2023లో అక్కడ పరిమితిని 100 నుంచి 120కి పెంచుతున్నట్టు అప్పటి పురపాలక మంత్రి కె.టి. రామారావు ప్రకటించారు. తర్వాత సైబరాబాద్ పోలీసులు మొదటి రెండు వరుసలకు 100 నుంచి 120, మిగతా రెండింటికి 80 అని వరుసల వారీగా విడగొట్టారు. ఈ 158 కిలోమీటర్ల రోడ్డు మీదికి పాదచారులకూ ద్విచక్ర వాహనాలకూ ప్రవేశం లేదు కాబట్టి ఆ అంకెలపై వాదనకు తావుంది. ముఖ్యం ఏమిటంటే, స్థానికంగా నిర్ణయం తీసుకోవాలనుకున్నప్పుడు వరుస వరుసకూ లెక్క వేసి మరీ తీసుకోగలిగారు. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై చౌటుప్పల్, చిట్యాల దారిలోని ఊళ్లకు ఆ శ్రద్ధ దక్కలేదు.

అలాగని కేంద్ర చట్టం మారేదాకా ఆగాల్సిన అవసరం లేదు. పరిమితిని తగ్గించే అధికారాన్ని రాష్ట్రం తాను ఎంచుకున్న అధికారికి, ఉదాహరణకు జిల్లా కలెక్టరుకు, 112వ సెక్షన్ రెండో ఉపవిభాగం కింద ఇప్పుడే అప్పగించవచ్చు. ఆ ఆంక్ష నెల రోజులకు మించకపోతే గెజిట్ ప్రకటన కూడా అక్కర్లేదని అదే సెక్షన్ చెబుతోంది.